చిల్లుగిన్నె ఫైసలా

మా మనవరాలు నాతో మాట్లాడక ఇవాళ్టికి నాలుగు రోజులు. అన్నం దగ్గర ఉప్పు అందించమంటే అందిస్తుంది కానీ మొహం గోడ వైపు తిప్పుకొని అందిస్తుంది. పన్నెండేళ్ల పిల్ల, ముక్కు మీద కోపం, అచ్చం మా అమ్మ పోలిక. నేను చేసిన నేరం ఇదీ. పోయిన ఆదివారం వనపర్తిలో వాళ్ల బాస్కెట్‌బాల్ ఆట. పిల్లలు వచ్చారు, తల్లిదండ్రులు వచ్చారు, ఐస్‌క్రీం బండి కూడా వచ్చింది, రిఫరీ మాత్రం రాలేదు. పోయిన నెలలో ఎవరి తండ్రో ఆయన చొక్కా పట్టుకున్నాడట, అప్పటి నుంచి ఆయనకు ఆదివారం వస్తే ఒంట్లో బాగుండటం లేదు. చివరికి పక్కనే కూరగాయలు కొంటున్న ఒక వ్యాయామం సారును బతిమాలి ఈల ఇచ్చారు. టైము చూసేందుకు ఇంకొక మనిషి కావాలి. కోచ్ కుర్రాడు అందరి ముందుకూ వెళ్లి అడిగాడు. ఒకాయన వంగి బూటు లేసు కట్టుకున్నాడు. ఒకావిడకు ఆకాశంలో ఏదో కనిపించింది. చూసి చూసి ఎనభై దాటిన నేను కర్ర ఊతంగా లేచాను. ఆట చివర్లో మా పిల్ల బంతి విసిరింది, పడింది కూడా. కానీ ఆ పాటికి నేను గంట కొట్టేశాను. ఒక్క పాయింటుతో ఓడిపోయారు. ఆటోలో కూర్చున్నాక, "తాతా, నువ్వు అసలు ఎవరి దిక్కు?" అని అడిగింది. నేను నవ్వాను. ఆ నవ్వుతో నేరం రెండింతలైంది. నేను ఎందుకు నవ్వానంటే, ఇదే మాట నేను మా అమ్మను అడిగి డెబ్బై ఏళ్లు కావస్తోంది.

మాది వనపర్తి సంస్థానం కింది ఊరు. పొద్దున్నే బండి కడితే ఎండెక్కే వేళకు వనపర్తి చేరేవాళ్లం. మా నాయిన ఆ ఊరికి నీరటి. ఇప్పటి వాళ్లకు ఆ మాట చెబితే గానీ తెలియదు. చెరువు తూము తెరిచేవాడూ మూసేవాడూ నీరటే. కాలువ వెంట తిరిగి ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో అంతసేపు పారించి, గండి మూసి, పక్క మడికి మళ్లిస్తాడు. మాది ఊరవతలి వాడ, మాకు చారెడు మడి కూడా లేదు. ఉన్నదల్లా ఒక పార, ఒక రాగి గిన్నె. ఆ గిన్నె అడుగున సూది దూరేంత చిల్లు. నీళ్లు నింపిన గంగాళంలో దాన్ని వదిలితే చిల్లులోంచి నీళ్లు ఊరి, ఊరి, ఒక గడియకు బుడుంగున మునుగుతుంది. అది మునిగితే ఒకరి వంతు అయిపోయినట్టు. నాయిన కాలువ మీద తిరిగేవాడు, అమ్మ తూము దగ్గర చింతచెట్టు నీడన గిన్నె ముందు కూర్చునేది. మోకాలి మీద గడ్డం ఆనించి కూర్చుంటే ఇక పిలిచినా పలికేది కాదు. పక్కన నేను పడి మోకాలు కొట్టుకుపోయినా, "ఆగు, మునగనియ్యి" అనేది తప్ప తల తిప్పేది కాదు. మునగగానే "మునిగిందో!" అని ఒక కేక. ఆ కేక కొస మడి దాకా వినిపించేది.

ఆ పనిలో తిట్లు తినడం ఎక్కువ. నీళ్లు తక్కువైన ఏడు మా నాయినను తిట్టని నోరు ఊళ్లో ఉండేది కాదు. పై మడి వాడు అప్పుడే మూశావేమని తిట్టేవాడు, కింది మడి వాడు ఇంకా తెరవవేమని తిట్టేవాడు. అందరికంటే ఘనంగా తిట్టేది కొస మడి అవ్వ. కాలువ చిట్టచివర ఆమెకు రెండు మళ్లు. పెనిమిటి లేడు, కొడుకులు లేరు, తనే నాగలి తప్ప అన్నీ పట్టేది. తెల్లారగానే గట్టు మీద నిలబడి మా నాయిన వంశాన్నంతా ఒక్కొక్కరినే పిలిచి పలకరించేది. నాయిన పార భుజాన వేసుకొని, "ఇంక మునగలేదవ్వా" అనేవాడు, అంతే. ఒక్కటే మాట పడేవాడు కాదు. గిన్నెను అనుమానిస్తే పడేవాడు కాదు. నీరటి లెక్క తప్పుడు లెక్క అని ఎవరైనా అంటే, నీరటి తన పారను వాళ్ల ముందు కింద పెట్టేయవచ్చు. ఇది మా దిక్కు పాత కట్టుబాటు. పార కింద పడ్డాక తూము మూతపడుతుంది. అన్నవాడు వచ్చి, తన చేతులతో పార ఎత్తి, నీరటి చేతికి ఇచ్చేదాకా ఎంతటి వాడైనా తూమును ముట్టరాదు. మా తాత ఒకసారి అలా పెట్టాడని చెప్పుకునేవారు. మా నాయిన పెట్టగా నేను ఒక్కసారే చూశాను. అది తూము దగ్గర కాదు, బంతాట దగ్గర.

బంతాటను మా ఊరికి తెచ్చింది డ్రిల్లు సారు. హైదరాబాదు నుంచి మా బడికి బదిలీ మీద వచ్చాడు. కోటేరు లాంటి ముక్కు, సన్నటి మీసం, సంచిలో రెండు జతల బట్టలు, ఒక తోలుబంతి, ఒక రూలు పుస్తకం. ఎత్తుగా ఉన్న పిల్లలను వరసగా నిలబెట్టి అయిదుగురిని ఏరాడు. అందులో నేను ఒకణ్ణి, పోలీసు పటేలు కొడుకు ఒకడు. నీరటి కొడుకూ పటేలు కొడుకూ ఒకే బంతి ముట్టుకోవడమా అని పెద్దలు గొణిగారు. పటేలు తల్లి బాగా ఆలోచించి, ఆడితే ఆడనీ, ఆడి వచ్చాక బావి దగ్గర తలమీద నాలుగు చేదల నీళ్లు పోసుకొమ్మంది. పాపం, చలికాలంలో వాడు వణికిపోయేవాడు గానీ ఆట మానలేదు. పటేలు తన కళ్లం ఇచ్చాడు. పేడతో అలికి అలికి గట్టిపడ్డ నేల, బంతి బ్రహ్మాండంగా ఎగిరేది. రెండు గుంజలు పాతి, వాటికి పాత మోట బొక్కెనల ఇనుప కడియాలు బిగించారు. దాంతో ఊరంతా దాన్ని మోటబంతి అంది. యుద్ధం రోజులు కాబట్టి బంతిలోపలి రబ్బరు తిత్తి ఎక్కడా దొరికేది కాదు. ఉన్నదానికే అతుకు మీద అతుకు వేసి మా వాడలో చెప్పులు కుట్టే తాత దాన్ని బతికించాడు.

ఆడే పిల్లలకు కరువు లేదు. ఆడించే పెద్దలకే కరువు. మా అయిదుగురికి నేర్పేది డ్రిల్లు సారే కదా, బయటి జట్టు వస్తే ఆయన ఈల ఊదితే వాళ్లు ఒప్పుకునేవారు కాదు. ఇంకెవరు? తెలుగు పంతులుగారిని నిలబెడితే ఆయన ఎవరి మనసూ నొప్పించకూడదని ఒకసారి ఈ జట్టుకు, ఒకసారి ఆ జట్టుకు వంతుల ప్రకారం తప్పు పట్టాడు. తప్పు చేశారా లేదా అన్నది ఆయనకు అనవసరం. దవాఖానా కాంపౌండరుకు ఈల ఇస్తే, ఎవడు పడ్డా ఈల పారేసి అయోడిన్ సీసా పట్టుకొని పరుగెత్తాడు. ఇక టపా సారు ధైర్యవంతుడని పేరు. ఆయన పటేలు కొడుకు మీద ఒక తప్పు పట్టాడు. పటేలు తమ్ముడు కళ్లం అంచున కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. అంతే, నిలబడ్డాడు, ఏమీ అనలేదు. టపా సారుకు ముద్రలు వేయాల్సిన ఉత్తరాలు గుర్తొచ్చాయి. ఆ రోజు ఆట మధ్యలో మాకూ వచ్చినవాళ్లకూ కొట్లాట జరిగి ఒకడి తల పగిలింది, ఈల బావిలో పడింది. తప్పు మాదే, ఇప్పుడు చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. గీత దగ్గర నిలబడేవాడు లేడు, ముళ్లకంపలో పడ్డ బంతి తెచ్చేవాడు లేడు, పాయింటుకొక చింతగింజ పిడతలో వేసేవాడు కూడా లేడు. చూడటానికి మాత్రం మూడు ఊళ్లు వచ్చేవి.

పటేలు డ్రిల్లు సారును పిలిపించి ఒకటే మాట చెప్పాడు. "దసరాకు కొల్లాపూర్ పోరగాండ్లు వస్తున్నరంట గద. గా ఒక్క ఆట ఆడుకోండ్రి. మల్ల కొట్లాట అయిందా, గుంజలు పీకి పొయ్యిల పెడ్త. కళ్లం నాది." సారు ఆ మాట మాతో చెప్పినప్పుడు పటేలు కొడుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకైతే రెండు రోజులు అన్నం సయించలేదు. నవ్వకండి. ఆ కళ్లంలో తప్ప ఊరు మొత్తంలో ఇంకెక్కడా నా భుజం మీద చెయ్యి వేసి "ఇటు ఇయ్యిరా" అనేవాడు నాకు లేడు.

ఆ ఏడు హస్త కార్తె ఎండగొట్టింది. వరి పొట్ట మీద ఉంది, చెరువు సగానికి దిగింది. వంతులు కత్తి మీద సాములా నడుస్తున్నాయి. డ్రిల్లు సారు ఒక సాయంత్రం దిగులుగా చెరువు కట్ట మీదికి వచ్చాడు. అక్కడ మా నాయినను ఇద్దరు రైతులు చెరో పక్క నిలబడి తిడుతున్నారు. నాయిన ఇద్దరి మధ్యా నిలబడి బీడీ అంటించుకున్నాడు. కొస మడి అవ్వ కింద నుంచి కంచుకంఠంతో తన వంతు తిట్లు తాను అందిస్తోంది. అమ్మ కేక వేసింది. నాయిన వంగి ఒక గండి మూసి, ఇంకొకటి తెరిచాడు. తిట్టేవాళ్లు తిడుతూనే ఇంటిదారి పట్టారు. డ్రిల్లు సారు చీకటి పడబోయేదాకా అక్కడే కూర్చుని అదంతా చూసి, మా నాయిన వెనకాలే మా గుడిసెకు వచ్చాడు. బడి సారు మా వాడకు రావడం అదే మొదలు. కూర్చోబెట్టడానికి మంచం కూడా సరిగ్గా లేదు, అమ్మ గబగబా గంప బోర్లించింది.

"నీరటి భాయ్, దసరా ఆటకు నువ్వు జర ఫైసలా చెప్పాలె" అన్నాడు సారు. ఫైసలా అంటే తీర్పు.

"నాకు ఆట తెల్వదు సారూ."

"తిట్లు పడుడు తెలుసు గద?"

"గదైతే మస్తు తెలుసు" అన్నాడు నాయిన, ఇద్దరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నిజం చెబుతున్నాను, నాకు తల కొట్టేసినట్టయింది. గోచీ బిగించి, మోకాళ్ల దాకా బురదతో, పార భుజాన వేసుకొని మా నాయిన అంతమంది ముందు, పటేలు ముందు, కొల్లాపూర్ పిల్లల ముందు నిలబడతాడా? నాయిన మాత్రం ఒప్పుకోకూడదని మనసులో మొక్కుకున్నాను. నా మొక్కు ఫలించలేదు.

నాయిన రూలు పుస్తకాన్ని నాలుగు సాయంత్రాల్లో నేర్చాడు. చదువు రాదు, సారు చదివి చెబుతుంటే తన లెక్కలోకి మార్చుకునేవాడు. గీతలు గట్లు. ఎదుటివాణ్ణి నెట్టడం పక్కవాడి గట్టు తెంపడం. ఒక జట్టు బంతి వేయగానే బంతి ఎదుటి జట్టుకు ఇవ్వాలని సారు చెప్పినప్పుడు నాయిన మొహం విప్పారింది. "గిదైతే చెప్పాల్సిన పనే లేదు. తడిసిన మడికి మల్ల పారిస్తమా ఏంది? ఎండిన మడికే ఇయ్యాలె" అన్నాడు. ఈల దగ్గర మాత్రం మొండికేశాడు. సారు కొత్త ఈల తెప్పించి ఇస్తే అరచేతిలో పెట్టుకొని చూసి తిరిగి ఇచ్చేశాడు. "నా నోట్ల పెట్టుకున్నది రేపు ఎవరు ముడ్తరు సారూ? మీ ఈల మీకే కాకుండ పోతది. నాకు పార ఉన్నది" అన్నాడు. పారను ఎడమచేత్తో పట్టుకొని గులకరాయితో కొడితే ఖంగుమని మోగింది. ఈలకంటే గట్టిగానే మోగింది. సారు జేబు గడియారం తీస్తే దాన్నీ వద్దన్నాడు. "గడియారం మీ జేబుల ఉంటది. గిన్నె అందరి ముందర ఉంటది" అన్నాడు. సారు ఆ మాట విని గడియారం లోపల పెట్టుకున్నాడు. రెండు గిన్నెలు మునిగితే ఆట అయిపోయినట్టని ఖాయం చేశారు.

అయితే గిన్నె ఎవరు చూడాలి? నాయిన కళ్లు బంతి మీద ఉండాలి కదా. సారు ఊరంతా తిరిగాడు. మునిగిందన్నవాడి వీపు విమానం మోత మోగుతుందని అందరికీ తెలుసు, అందరికీ ఆ రోజే చుట్టాలిళ్లలో పనులున్నాయి. తిరిగి తిరిగి సారు వచ్చి గంప మీద కూలబడ్డాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచే అంది: "గింత పరేషాన్ ఎందుకు? దినాం చూస్తున్న గద, గా దినం గూడ నేనే చూస్త."

దసరా నాటి మధ్యాహ్నం కొల్లాపూర్ నుంచి రెండు బండ్లు వచ్చాయి. పిల్లలు, వాళ్ల సారు, వాళ్ల వెంట గంపెడు సీతాఫలాలు. కళ్లం చుట్టూ జనం ఇసుక వేస్తే రాలనట్టు ఉన్నారు. పటేలు మంచం మీద తివాచీ పరిపించుకొని కూర్చున్నాడు. కళ్లం పక్కన, అందరికీ కనిపించేలా గంగాళం, అందులో గిన్నె, గిన్నె ముందు మోకాలి మీద గడ్డం ఆనించి మా అమ్మ. నాయిన ఉతికిన పంచె కట్టి, తలకు రుమాలు చుట్టి, పారతో నడిచి వచ్చాడు. కొల్లాపూర్ పిల్లలు చూసి ముసిముసిగా నవ్వారు. నేను తల దించుకున్నాను.

మొదటి గిన్నె సగం మునిగే సరికి ఎవరూ నవ్వడం లేదు. నాయిన కాలువ మీద నడిచినట్టే నడిచాడు, పరుగెత్తలేదు, బంతి ఎక్కడికి పోబోతోందో ముందే అక్కడికి చేరుకునేవాడు. ఖంగుమనిపించి, "గట్టు దాటినవ్" అనేవాడు, బంతి ఎవరిదో చూపించేవాడు, అంతే. వాదించినవాడి మొహంలోకి నిదానంగా చూసేవాడు, వాడి మాట వాడి నోట్లోనే ఆరిపోయేది. పటేలు కొడుకు మీద మూడు తప్పులు పట్టాడు, నా మీద నాలుగు. పటేలు తమ్ముడు అలవాటు ప్రకారం లేచి నిలబడితే, "కూసోండ్రి, ఎనకున్నోళ్లకు కనవడతలేదు" అన్నాడు. జనం గొల్లుమన్నారు, ఆయన కూర్చున్నాడు. బంతి ముళ్లకంపలో పడ్డప్పుడల్లా అమ్మ గిన్నె చిల్లుకు వేలు అడ్డం పెట్టి ఎత్తి పట్టుకునేది. బంతి తిరిగి వచ్చి నాయిన పార మోగిస్తేనే మళ్లీ వదిలేది. నాకు ఆడటం ఒక ఆట, మధ్యలో వాళ్లిద్దరినీ చూడటం ఇంకో ఆట అయింది. నా తల ఎప్పుడు పైకి లేచిందో నాకు తెలియదు.

రెండో గిన్నె చివరికి వచ్చేసరికి, సార్లిద్దరూ వేస్తున్న లెక్కన మా పిడతలో పన్నెండు గింజలు, వాళ్ల పిడతలో పదమూడు. ఒక్క బంతి పడితే రెండు గింజలు, గెలుపు మాది. పటేలు కొడుకు ఇద్దరిని తప్పించుకొని నాకు బంతి అందించాడు. నేను కడియం వైపు తిరిగాను, రెండు చేతులా బంతిని తల మీదికి ఎత్తాను. "మునిగిందో!" అని మా అమ్మ కేక. బంతి నా చేతుల్లోనే ఉంది. ఆ కేక నేను విన్నాను. విని కూడా వదిలాను. బంతి కడియం అంచు మీద ఒకసారి కూర్చుని లోపలికి దిగింది.

ఊరు ఊరంతా కళ్లంలోకి ఉరికింది. ఎవరో నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఎవరో ఏమిటి, మామూలు రోజుల్లో నా నీడ పడితే పక్కకు జరిగేవాళ్లే ఎత్తుకున్నారు. ఆ పైనుంచి చూస్తుంటే కింద పార మోగింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు.

"చెల్లదు. గిన్నె మునిగినప్పుడు బంతి పోరగాని చేతులనే ఉండె" అన్నాడు నాయిన.

నన్ను ఎత్తుకున్న భుజాలు నన్ను కిందికి జార్చాయి. పటేలు మంచం దిగి వచ్చాడు. "ఏందిరా నీరటి? కన్నకొడుకు గెలిపిస్తే కండ్లు మండుతున్నయా?" అని, అమ్మ వైపు తిరిగి, "ఏమే, నువ్వు చెప్పు, బంతి ఇడిసినంకనే గద మునిగింది?" అన్నాడు.

అమ్మ లేచి నిలబడి కొంగు సరిచేసుకుంది. "నేను బంతిని చూడలే పటేలా, గిన్నెనే చూసిన. మునిగింది, అన్న. నేనన్నప్పుడు బంతి యాడుందో చూసుడు ఆయన పని" అంది.

పటేలు నా వైపు వేలు చూపాడు. "అయితే వీన్నే అడుగుదం. చెప్పురా!" చెప్పాల్సిన మాట నాలుక మీదే ఉంది, బయటికి రాలేదు. నాయిన నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. "నీళ్లు పారించుకునేటోన్ని నీ వంతు అయిందా అని అడుగుతమా పటేలా? ఆడేటోన్ని అడగొద్దు. ఫైసలా నాది."

"తెలుస్తుంది నీ ఫైసలా! తూముకాడ గూడ గిట్లనే చేస్తున్నవేమో నీ దొంగగిన్నె తోని!"

కళ్లంలోకి ఉరికినవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. పటేలుకు కూడా నోరు జారిందని తెలిసినట్టుంది, మీసం మీదికి పోయిన చెయ్యి అక్కడే ఆగింది. నాయిన చేతిలో గులకరాయి పక్కకు వేశాడు. వంగి, పారను పటేలు కాళ్లకు మూరెడు దూరంలో నేల మీద పెట్టాడు. తలరుమాలు విప్పి భుజాన వేసుకొని, అమ్మ పక్కకు పోయి నిలబడ్డాడు.

ఆ తెల్లారి ఎవరి వంతో అక్కడ ప్రతి రైతుకూ తెలుసు. ఒక్క రోజు తూము మూతపడితే పొట్ట మీది వరి ఏమవుతుందో కూడా తెలుసు. ఆట సంగతి ఎవరికీ గుర్తున్నట్టు లేదు. అందరూ పారనే చూస్తున్నారు. పటేలు అటూ ఇటూ చూశాడు, తమ్ముడు కూడా కళ్లు తప్పించాడు. అప్పుడు జనంలోంచి, అందరినీ మోచేతులతో తోసుకుంటూ కొస మడి అవ్వ వచ్చింది. మా నాయిన పని అయిపోయిందనుకున్నాను.

"ఓ నాయనా పటేలా, రేపు నా వంతు" అంది. "వీన్ని నేను దినాం తిడ్త. వీని తాతను తిడ్త, ముత్తాతను తిడ్త. గాని వీని గిన్నెను ఒక్కనాడన్న తిట్టిన్నా? చెరువుల చారెడు నీళ్లున్ననాడు గూడ నా కొస మడికి నా వంతు వచ్చింది. గదెట్ల వచ్చింది మరి? తియ్యి, పార తియ్యి!"

పటేలు చాలాసేపు నిలబడ్డాడు. నాకు చాలాసేపనిపించింది, గిన్నె వదిలి చూస్తే అంతసేపు లేదేమో. తరువాత వంగాడు. పార ఎత్తాడు. మా వాళ్లకు ఏదిచ్చినా పైనుంచి దోసిట్లో వేసే మనిషి, నాలుగడుగులు నడిచి వచ్చి, పార పిడి మా నాయిన చేతికి అందించాడు. చెయ్యి చేతికి తగిలింది, నేను చూశాను.

"ఓడినం తియ్యి. తూము నడువనియ్యి" అన్నాడు. తరువాత డ్రిల్లు సారు వైపు తిరిగి, "గుంజలు ఉండనియ్యి. వడ్లు ఇంకో కళ్లంల కొట్టుకుంట" అని ఇంటికి వెళ్లిపోయాడు.

కొల్లాపూర్ సారు సీతాఫలాల గంప తెచ్చి మా అమ్మ ముందు పెట్టాడు. నేను ఆ సాయంత్రం ఒక్క పండు కూడా ముట్టలేదు. ఇంటికి పోయాక అమ్మ మీద విరుచుకుపడ్డాను. "రెప్పపాటు ఆగితే ఏమైతుండె? నువ్వు అసలు ఎవరి దిక్కు?" అన్నాను. అమ్మ గిన్నె తుడుస్తూ, "గిన్నె దిక్కు" అంది. నాకు ఏడుపొచ్చింది. నాయిన దగ్గరికి పోయి, కేక విన్నాకే బంతి వదిలానని, పటేలు అడిగినప్పుడు నోరు రాలేదని చెప్పేశాను. "నాకు తెల్వదా ఏంది? నీ చేతులు కనవడ్డయి" అన్నాడు. తిట్టలేదు. ఒక సీతాఫలం విప్పి సగం నా చేతిలో పెట్టాడు.

ఆ తరువాత ఆటకు మనుషుల కరువు తీరిందంటే నమ్ముతారా? గీత దగ్గర నిలబడతామని, గింజలు వేస్తామని వాళ్లంతట వాళ్లే వచ్చారు. కొస మడి అవ్వ ముళ్లకంపలోంచి బంతి తెచ్చే పని తీసుకొని, బంతి అక్కడికి కొట్టినవాణ్ణి వాడి వంశంతో సహా పలకరించేది. తెలుగు పంతులుగారు కూడా ధైర్యం తెచ్చుకొని ఒక ఆటలో నిజంగా జరిగిన తప్పునే పట్టాడు. కొల్లాపూర్ వాళ్లు మరుసటి నెలలోనే బండి పంపారు, మాకు కాదు, మా నాయినకు. అక్కడ వేరే రెండు జట్ల ఆటకు ఫైసలా చెప్పాలట. తరువాత గద్వాల నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి కూడా పిలుపులొచ్చాయి. తూముకు పని లేని రోజుల్లో బండిలో ముందు నాయిన పార పట్టుకొని, వెనక అమ్మ ఒడిలో గంగాళం, గంగాళంలో గిన్నె పెట్టుకొని పోతుంటే, ఊరి నడివీధిలోంచే బండి పోయేది. ఆ వీధిలో మేము చెప్పులు చేతపట్టుకొని నడిచిన రోజులు నేను మరిచిపోలేదు. అందుకే ఆ బండి వెనక నేను కావాలని చప్పుడు చేస్తూ నడిచేవాణ్ణి. నేను తరువాత చదువుకున్నాను, బళ్లో పాఠాలు చెప్పాను, నా మెడలో కూడా ఒకటి రెండు దండలు పడ్డాయి. "ఎవరి కొడుకువి?" అని ఎవరైనా అడిగితే "ఫైసలా నీరటి కొడుకుని" అని చెప్పుకున్న రోజులంత గొప్పగా అవేవీ లేవు.

ఇదంతా నిన్న సాయంత్రం మా మనవరాలికి చెప్పాను. గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది, వింటోందో లేదో తెలియలేదు. చెప్పడం అయిపోయాక లేచి, నా బల్ల మీద పెన్సిళ్లు పెట్టుకునే రాగి గిన్నెను తీసుకొని, పెన్సిళ్లన్నీ మంచం మీద కుమ్మరించి, వంటింట్లోకి పోయింది. బకెట్‌లో నీళ్లు పట్టిన చప్పుడు వినిపించింది. కాసేపటికి పోయి చూస్తే గిన్నె నీళ్ల మీద తేలుతోంది, పిల్ల దాని ముందు గొంతుకూర్చుని, మోకాలి మీద గడ్డం ఆనించి చూస్తోంది. ఆ కూర్చోవడం దానికి ఎవరూ నేర్పలేదు. అన్నానికి రమ్మని వాళ్లమ్మ పిలిచింది. "ఆగు, మునగనీ" అంది తల తిప్పకుండా. నేను గడప మీద కూర్చున్నాను. కాలం ఇట్టే గడిచిపోయిందని నా ఈడువాళ్లంతా అంటుంటారు. నాకు మాత్రం అది ఎక్కడికీ పోయినట్టు అనిపించదు, చుక్క చుక్కగా ఊరి ఆ గిన్నెలోనే చేరుతున్నట్టు అనిపిస్తుంది.